అడిలైడ్ నుంచి డార్విన్‌కు: పాత కార్లలో సేవా యాత్ర

ఆస్ట్రేలియాలో పాతకాలపు కార్లున్నవాళ్లు చాలామంది వాటిని షెడ్డులో తుడిచి మెరిపించుకోవడంతో సరిపెట్టుకోరు. నూరేళ్ల కిందట ఎవరో మొట్టమొదట మోటారు నడిపిన ఎడారి దారి ఒకదాన్ని ఎంచుకుంటారు. ఆ కాలపు కార్లలోనే, వీలైనంతవరకు ఆ బాటనే పట్టి మళ్లీ ప్రయాణం కడతారు. బయలుదేరే ముందూ, దారి పొడవునా విరాళాలు పోగుచేసి వైద్యసేవలకో పిల్లల సంక్షేమానికో అందిస్తారు. ఇది పందెం కాదు. ముందు చేరినవాళ్లకు కప్పులూ ఉండవు, వెనకబడినవాళ్లకు చిన్నతనమూ ఉండదు. కారు ఆగిపోతే మిగతావాళ్లూ ఆగి చెయ్యి వేస్తారు.

ఇలాంటి యాత్రలకు ఆ దేశంలో కావలసినంత చరిత్ర ఉంది. జనాభాలో అత్యధికులు సముద్రతీరాల్లోని నగరాల్లో ఉంటారు. తీరం వదిలి లోపలికి పోయేకొద్దీ ఊళ్లు పలచబడి ఎర్రమట్టి, ఇసుక తిన్నెలు, ఎండిన ఏళ్లు, ఉప్పు సరస్సులు మొదలవుతాయి. ఔట్‌బ్యాక్ అనేది ఈ ప్రాంతాన్నే. 20వ శతాబ్దం తొలినాళ్లలో మోటారు కార్లు వచ్చాక, వాటితో ఈ భూమిని దాటగలమా అన్న పట్టుదల కొందరికి పుట్టింది. 1912లో ఫ్రాన్సిస్ బర్టిల్స్, సిడ్ ఫెర్గూసన్ పశ్చిమ తీరంలోని ఫ్రీమాంటిల్ నుంచి తూర్పున సిడ్నీకి కారులో చేరారు. 1925లో నెవిల్ వెస్ట్‌వుడ్ చిన్న సిట్రోయెన్ కారులో దేశమంతా చుట్టివచ్చాడు. వీటన్నిటికంటే ముందు జరిగినది, నేటికీ పాత కార్ల సంఘాల్లో ఎక్కువగా చెప్పుకునేది 1908 నాటి అడిలైడ్–డార్విన్ ప్రయాణం. ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి కారులో దాటడం అదే మొదలు.

డటన్, ఆంగర్ ప్రయాణం

హెన్రీ హాంప్‌డెన్ డటన్ దక్షిణ ఆస్ట్రేలియాలో కపుండా దగ్గరి ఆన్‌లబీ అనే పెద్ద గొర్రెల ఎస్టేటుకు వారసుడు. డబ్బుకు లోటు లేదు, మోటార్ల మీద మోజూ ఉంది. అతని జోడీ మర్రే ఆంగర్ సైకిళ్ల వ్యాపారం నుంచి మోటార్లలోకి వచ్చిన మెకానిక్, నేర్పున్న డ్రైవరు. 1907 నవంబరు 25న ఇద్దరూ టాల్బట్ కారులో అడిలైడ్ నుంచి బయలుదేరారు. రైలు పట్టాలు అప్పటికి ఉడ్నడట్టా వరకే ఉన్నాయి. అక్కడి నుంచి ముందుకు ఒంటెల బాటలూ గుర్రాల జాడలే దారి.

బయలుదేరిన కాలమే ప్రతికూలమైంది. దక్షిణార్ధగోళంలో నవంబరు, డిసెంబరు నెలల్లో ఎండలు ముదురుతాయి. అదే సమయానికి ఉత్తరాన వర్షాలు మొదలవుతాయి. ఎండను, ఇసుకను దాటుకుని ఆలిస్ స్ప్రింగ్స్ మీదుగా టెనెంట్ క్రీక్‌కు దక్షిణాన కొంత దూరం వరకు వచ్చాక, వెనక చక్రాలకు శక్తినిచ్చే గేర్లలో పినియన్ విరిగింది. దగ్గర్లో వర్క్‌షాపు లేదు, బదులు వేసేందుకు భాగమూ లేదు. వానలు ముంచుకొస్తుంటే కారును అక్కడే వదిలి ఇద్దరూ గుర్రాల మీద ఉడ్నడట్టా రైల్వే స్టేషన్‌కు తిరిగివచ్చారు.

మరుసటి ఏడాది డటన్ ఇంకా బలమైన టాల్బట్ ఒకటి కొన్నాడు. ఈసారి చలికాలం చూసుకుని 1908 జూన్ 30న బయలుదేరారు. ఆలిస్ స్ప్రింగ్స్ టెలిగ్రాఫ్ స్టేషన్‌లో పనిచేసే ఎర్న్ ఆల్‌చర్చ్ అక్కడి నుంచి వారితో కలిశాడు. పోయినసారి వదిలిన కారు దగ్గరకు చేరుకుని, దానికి బాగుచేత చేసి నడిపించారు. ఇక రెండు కార్లూ కలిసి ఉత్తరానికి సాగాయి. పైన్ క్రీక్‌లో రైలు మార్గం తగిలింది. పాత కారును రైలెక్కించి, కొత్తదాన్ని నడుపుకుంటూ ఆగస్టు 20న డార్విన్ చేరారు. మొత్తం 51 రోజులు పట్టింది. ఆ రెండో టాల్బట్ ఇప్పటికీ ఉంది. అడిలైడ్ దగ్గరి బర్డ్‌వుడ్‌లో ఉన్న నేషనల్ మోటార్ మ్యూజియంలో దాన్ని చూడవచ్చు.

దారి చూపిన తీగ

రోడ్డే లేని చోట కారు ఎలా వెళ్లిందన్నది సహజంగా వచ్చే సందేహం. దానికి జవాబు టెలిగ్రాఫ్ లైను. 1862లో జాన్ మెక్‌డవల్ స్టువర్ట్ అనే అన్వేషకుడు దక్షిణం నుంచి ఉత్తర తీరానికి చేరి తిరిగివచ్చాడు. అతను వెళ్లిన జాడను పెద్దగా విడవకుండా, చార్లెస్ టాడ్ పర్యవేక్షణలో పోర్ట్ అగస్టా నుంచి డార్విన్‌కు సుమారు 3,200 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ తీగను రెండేళ్లలో వేశారు. 36,000కు పైగా స్తంభాలు నిలబెట్టారు. 1872 ఆగస్టులో రెండు వైపుల తీగలూ కలిశాయి. డార్విన్ నుంచి సముద్రపు కేబుల్ జావాకు, సింగపూరుకు, అక్కడి నుంచి పెనాంగ్ మీదుగా మద్రాసుకు వచ్చేది. అడిలైడ్‌లో ఇచ్చిన టెలిగ్రామ్ లండన్ చేరాలంటే మన దేశం మీదుగా వెళ్లేది.

తీగలో సంకేతం దూరం పోయేకొద్దీ బలహీనపడుతుంది. అందుకే రెండు మూడు వందల కిలోమీటర్లకు ఒక స్టేషన్ పెట్టి, అక్కడి ఉద్యోగులు వార్తను అందుకుని ముందుకు కొట్టేవారు. చార్లెట్ వాటర్స్, ఆలిస్ స్ప్రింగ్స్, బారో క్రీక్, టెనెంట్ క్రీక్, పవెల్ క్రీక్, డేలీ వాటర్స్, కాథరిన్ అలా వెలిసిన స్టేషన్లే. నీరున్న చోటు చూసుకునే వాటిని కట్టారు. కాబట్టి తీగ వెంట పోతే దారి తప్పడమూ ఉండదు, నీళ్లకు కరువూ ఉండదు. కారు చెడితే కబురు పంపే వీలూ అక్కడే.

ఈ స్టేషన్లకు సరుకులు మోసింది ఒంటెలు. వాటిని తోలినవాళ్లను అక్కడ అందరూ 'అఫ్ఘానులు' అనే పిలిచినా, వారిలో అఫ్ఘానిస్తాన్ నుంచే కాక నేటి పాకిస్తాన్, ఉత్తర భారత ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. టాల్బట్ యాత్రకు కావలసిన పెట్రోలు, ఇతర సరుకులు కూడా ముందుగానే ఒంటెల మీద ఆయా మజిలీలకు చేరాయి. మోటారు యుగానికి ఔట్‌బ్యాక్‌లో తలుపు తీసింది ఒంటెలేనంటే అతిశయోక్తి కాదు.

ఈ భూమి అంతకు వేల ఏళ్ల ముందు నుంచీ అరెంటె, కైటిచ్, వారుముంగు వంటి ఆదివాసీ జాతులది. స్టేషన్లు నిలిచిన నీటి మడుగులు వాళ్లవే. 1874లో బారో క్రీక్ స్టేషన్ మీద కైటిచ్ ప్రజలు దాడి చేయడం, తర్వాత వారిపై ప్రాణాంతకమైన ప్రతీకార దాడులు జరగడం ఆ చరిత్రలో భాగమే. నేడు యాత్ర జరిపేవాళ్లు దారి గురించి చెప్పేటప్పుడు ఈ సంగతినీ చెప్పాల్సి ఉంటుంది. ఆదివాసీ భూముల గుండా ప్రధాన రహదారి వదిలి వెళ్లాలంటే సంబంధిత భూమి మండలి నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి.

నాటి బాట, నేటి రోడ్డు

అడిలైడ్ నుంచి డార్విన్‌కు ఇప్పుడు స్టువర్ట్ హైవే మీద సుమారు 3,000 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లి మళ్లీ వచ్చినంత దూరం. రెండో ప్రపంచ యుద్ధంలో డార్విన్‌కు సైన్యాన్ని, సరుకును చేరవేయడానికి ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఉత్తరాన పక్కా రోడ్డు పడింది. దక్షిణ భాగం మాత్రం చాలాకాలం మట్టి రోడ్డుగానే ఉండి, 1987 నాటికి పూర్తిగా తారు రోడ్డయింది. మామూలు కారులో మూడు నాలుగు రోజుల ప్రయాణం.

పాత యాత్రను నిజంగా అనుసరించాలనుకునేవాళ్లు ఈ హైవే ఒక్కటే పట్టుకుంటే సరిపోదు. 1908 నాటి దారి దక్షిణ భాగంలో ఇప్పటి హైవేకు చాలా తూర్పుగా సాగింది. మారీ నుంచి ఉడ్నడట్టా మీదుగా మార్లా వరకు దాదాపు 600 కిలోమీటర్ల మట్టి దారిని నేడు ఉడ్నడట్టా ట్రాక్ అంటారు. పాత రైలు మార్గం, పాత టెలిగ్రాఫ్ లైను రెండూ ఈ ట్రాక్ పక్కనే కనిపిస్తాయి. 1929లో రైలు ఆలిస్ స్ప్రింగ్స్ వరకు వెళ్లింది. 1980లో కొత్త మార్గం వేశాక పాత పట్టాలను వదిలేశారు. ఆల్జబకీనా దగ్గర పాడుబడిన పొడవైన రైలు వంతెన, రాతి గోడలు మిగిలిన స్టేషన్లు ఇప్పుడు యాత్రికుల మజిలీలు. ఉడ్నడట్టాకు ఉత్తరాన ఫింక్ నది వెంట పోయే భాగం ఇంకా కష్టం. అక్కడి మెత్తటి ఇసుకలో ఆధునిక ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కూడా దిగబడతాయి.

కారు సంగతి

పాత కార్లన్నిటినీ మనం వింటేజ్ అనేస్తాం. ఆస్ట్రేలియా సంఘాల లెక్కలో 1918 చివరి వరకు తయారైనవి వెటరన్, 1919 నుంచి 1930 వరకు వచ్చినవి వింటేజ్. డటన్ కారు వెటరన్ కోవలోది. అలాంటి బండిని ఎడారిలో నడపడానికి ఈనాటి డ్రైవింగ్ పెద్దగా అక్కరకు రాదు.

స్టార్ట్ చేయడమే ఒక విద్య. తాళం తిప్పితే లేచే ఇంజన్ కాదు. ముందు భాగంలో క్రాంక్ హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలి. తిప్పే ముందు మంటలేచే సమయాన్ని నిర్ణయించే లివర్‌ను ఆలస్యం వైపు జరపాలి. మరిచిపోతే ఇంజన్ ఎదురు తిరిగి హ్యాండిల్‌ను వెనక్కి విసురుతుంది. అందుకే నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పేది బొటనవేలి గురించి. దాన్ని హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకూడదు, మిగతా వేళ్ల వైపే ఉంచాలి. కింది నుంచి పైకి లాగాలి తప్ప పైనుంచి కిందికి నొక్కకూడదు. అప్పుడు ఇంజన్ ఎదురుతిరిగినా హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది, మణికట్టు విరగదు.

ఆ తర్వాత గేర్లు. ఇప్పటి గేర్‌బాక్సుల్లా అవి తమంతట తాము సర్దుకోవు. గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజన్ వేగాన్ని చెవితో అంచనా వేసి కలపాలి. కలవకపోతే పళ్లు రుద్దుకుని అరుస్తాయి. బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. కాబట్టి ముందు బండికి, తన బండికి మధ్య చాలా దూరం వదలాలి. రాత్రి దీపాలకు బ్యాటరీ ఉండదు. కార్బైడ్ రాళ్ల మీద నీటి చుక్కలు పడితే పుట్టే ఎసిటిలిన్ వాయువును వెలిగించుకోవాలి.

ఎడారి ఈ యంత్రాన్ని పలు విధాలుగా పరీక్షిస్తుంది. పొడి గాలికి కర్ర చక్రాల ఆకులు కుంచించుకుపోయి వదులవుతాయి. రాత్రి చక్రాలకు తడిగుడ్డలు చుట్టడమో, వాటిని నీటిలో నాననివ్వడమో పాత చిట్కా. రేడియేటర్ మరిగిపోతుంది. స్పినిఫెక్స్ అనే ముళ్లగడ్డి గింజలు రేడియేటర్ కంతలను మూసేస్తాయి. అదే గడ్డి కారు అడుగున పేరుకుని, పొగగొట్టం వేడికి అంటుకునే ప్రమాదమూ ఉంది. పొడవాటి గడ్డిలో దాగిన చెదపుట్టలు ఇరుసును ఢీకొంటాయి. ఇసుకలో దిగబడితే చక్రాల కింద చాపలో, పట్టాలో, కొమ్మలో పరిచి, కప్పీ తాళ్లతో లాగాలి. వీటిలో కొన్ని 1908లో వాళ్లు పడిన బాధలే. అయితే ఒక సుగుణమూ ఉంది. ఆ కాలపు కార్లు నేలకు బాగా ఎత్తులో ఉండేవి, చక్రాలు పెద్దవి. రాళ్ల దారిలో కిందికి వంగిన ఈనాటి కార్ల కంటే అవే సునాయాసంగా దాటుతాయి.

పాత కార్లకు విడిభాగాలు దుకాణంలో దొరకవు. అరిగిపోయిన భాగాన్ని కొలిచి, కర్రతో నమూనా చేసి, దాని ప్రకారం పోత పోయించి, లేత్ మీద నునుపు చేయించాలి. 1907లో యాత్రను ఆపింది ఒక్క పినియన్ కాబట్టి, తెలివైనవాళ్లు బయలుదేరే ముందే వెనక ఇరుసు విప్పి, గేర్ల పళ్లు, బేరింగులు చూసుకుంటారు. అదనపు మాగ్నెటో, వాల్వులు, స్ప్రింగులు, టైర్లు, ట్యూబులు వెంట తీసుకెళ్తారు.

నకలెంత, అసలెంత

పాత యాత్రను మళ్లీ చేయడంలో ఎంతవరకు పాత పద్ధతి పాటించాలన్న చర్చ ఈ రంగంలో ఎప్పుడూ ఉంటుంది. 1907 నాటి పీకింగ్–పారిస్ కారు యాత్రను 2005లో ఆస్ట్రేలియాకు చెందిన లాంగ్ కిడ్బీ, వారెన్ బ్రౌన్ బృందం మళ్లీ చేసినప్పుడు, నాడు పాల్గొన్న ఇటాలా, స్పైకర్, డి డియోన్ వంటి అవే రకం బండ్లనే తీసుకెళ్లారు. అంత పట్టుదల అందరికీ సాధ్యం కాదు. మ్యూజియంలో ఉన్న ఒకే ఒక్క అసలు కారును ఎడారిలో తిప్పడానికి సంరక్షకులు సంశయించడం సహజం. అది చెడిపోతే చరిత్ర సాక్ష్యమే పోతుంది. అలాగని ఇంజన్‌ను ఏళ్ల తరబడి నడపకుండా ఉంచినా బిగుసుకుపోతుంది. మధ్యేమార్గంగా అదే సంస్థ, అదే కాలపు మరో కారును ఎంచుకుంటారు, లేదా ఆ యుగపు కార్లన్నిటినీ ఆహ్వానిస్తారు.

రక్షణ విషయంలో మాత్రం రాజీ ఉండదు. ముందూ వెనకా సహాయక వాహనాలు, తాగునీరు, అదనపు పెట్రోలు, శాటిలైట్ ఫోను, రేడియో తప్పనిసరి. కాలం ఎంచుకోవడం డటన్ అనుభవం నేర్పిన పాఠమే. మే నుంచి ఆగస్టు వరకు పగలు చల్లగా ఉంటుంది, ఉత్తరాన వానలుండవు. చీకటి పడ్డాక బండి నడపరు. కంగారూలు, పశువులు రోడ్డెక్కేది అప్పుడే. స్టువర్ట్ హైవే మీద మూడు నాలుగు ట్రైలర్లు తగిలించుకుని 50 మీటర్లకు పైగా పొడవుండే లారీలు పోతుంటాయి. గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంతో కదిలే పాత కారు వాటికి దారిస్తూ అంచున సాగాలి. అందుకే తెల్లవారగానే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా మజిలీ చేరేలా రోజుకు ఇంత దూరమని లెక్కవేసుకుంటారు.

డబ్బు ఎటు పోతుంది

ఔట్‌బ్యాక్ యాత్రల విరాళాలు ఎక్కువగా చేరే సేవల్లో ముఖ్యమైనది రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు. దీని పుట్టుక కూడా దూరభారం నుంచే జరిగింది. జాన్ ఫ్లిన్ అనే మతబోధకుడు 1912 నుంచి లోపలి ప్రాంతాల్లో చిన్న ఆసుపత్రులు పెట్టించాడు. కానీ గాయపడినవాణ్ని ఆసుపత్రికి చేర్చడానికే రోజులు పట్టేది. విమానం, రేడియో కలిస్తే ఈ సమస్య తీరుతుందని ఫ్లిన్ నమ్మాడు. 1928 మేలో క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కరీ నుంచి క్వాంటాస్ దగ్గర అద్దెకు తీసుకున్న చిన్న విమానంలో డాక్టర్ సెయింట్ విన్సెంట్ వెల్చ్ తొలి రోగి దగ్గరకు వెళ్లాడు. మరుసటి ఏడాది ఆల్ఫ్రెడ్ ట్రేగర్ కాళ్లతో తొక్కితే కరెంటు పుట్టే రేడియోను రూపొందించాడు. కరెంటు లేని పశువుల ఎస్టేటు నుంచి కూడా డాక్టరుకు కబురు అందే వీలు కలిగింది. 1951లో అవే రేడియోల మీద ఆలిస్ స్ప్రింగ్స్‌లో పిల్లలకు పాఠాలు చెప్పే బడి మొదలైంది. ఫ్లిన్ బొమ్మ ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటు మీద ఉంది.

ప్రభుత్వ నిధులున్నా, ఎగిరే ఆసుపత్రిలాంటి ఈ విమానాలకు, వాటిలోని వైద్య పరికరాలకు దాతల సొమ్ము మీద చాలావరకు ఆధారపడక తప్పదు. పాత కార్ల యాత్రకు ఈ సేవ సహజమైన జోడీ. యాత్రికులు పోయే దారిలో ప్రమాదం జరిగితే దిక్కు కూడా ఆ విమానాలే.

పాత కార్లతో విరాళాలు సేకరించే పద్ధతిని దేశమంతా పాకించింది వెరైటీ బాష్. 1985లో వ్యాపారవేత్త, సాహసికుడు డిక్ స్మిత్ న్యూ సౌత్ వేల్స్‌లోని బర్క్ నుంచి క్వీన్స్‌లాండ్‌లోని బర్క్‌టౌన్ వరకు మిత్రులతో పాత కార్లలో వెళ్లాడు. ఆ యాత్రలో పోగైన విరాళాలు అనారోగ్యంతోనో వైకల్యంతోనో ఉన్న పిల్లలకు సాయపడే వెరైటీ సంస్థకు చేరాయి. ఆ తర్వాత అది వార్షిక యాత్రగా మారి వివిధ రాష్ట్రాలకు విస్తరించింది. కార్లు పాతవై ఉండాలనేది నియమం. వాటికి రంగురంగుల వేషాలు వేస్తారు, యాత్రికులూ వేషాలు కడతారు. యాత్ర అధికారులు ఏదో ఒక వంకతో ఉత్తుత్తి జరిమానాలు వేస్తారు. తప్పించుకోవాలంటే 'లంచం' ఇవ్వాలి. ఆ లంచమంతా పిల్లల నిధికే పోతుంది. చరిత్రను అక్షరాలా పాటించే పునర్యాత్రకు, ఈ సరదా జాతరకు పోలిక తక్కువే. కానీ విరాళాల యంత్రాంగం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఆ యంత్రాంగం ఇలా పనిచేస్తుంది. ప్రతి కారు బృందం ప్రవేశ రుసుము కట్టి, కనీసం ఇంత విరాళం తెస్తామని ఒప్పుకుంటుంది. కొందరు కిలోమీటరుకు ఇంతని దాతల దగ్గర హామీ తీసుకుంటారు, కొందరు కారు తలుపు మీద దుకాణాల పేర్లు రాయించి డబ్బు రాబడతారు. మజిలీ ఊళ్లలో విందులు, వేలంపాటలు, పిల్లలకు కారు సవారీలు ఉంటాయి. బాధ్యతగా నడిచే యాత్రల్లో పెట్రోలు, బస, మరమ్మతు ఖర్చులు పాల్గొనేవాళ్లే భరిస్తారు. అప్పుడే జనం ఇచ్చిన రూపాయి రూపాయిగా సేవకు చేరుతుంది. విరాళాన్ని యాత్ర ఖర్చులో కలిపేస్తే, ఎవరో సరదాగా తిరిగిరావడానికి దాతలు డబ్బిచ్చినట్టవుతుంది. అందుకే రెండు లెక్కలూ వేరువేరుగా ఉంచి, ముగింపులో విరాళాల మొత్తాన్ని ప్రకటిస్తారు.

మజిలీ ఊళ్లకూ మేలుంటుంది. కొద్దిమందే నివసించే విలియం క్రీక్ లాంటి చోట కార్ల బృందం ఒక రాత్రి ఆగిందంటే పెట్రోలు బంకు, హోటలు, చిన్న దుకాణం అన్నిటికీ బేరాలే. రైలు తరలిపోయి, హైవే దూరమై వెనకబడిన పాత దారి ఊళ్లకు చరిత్ర మీద ఆసక్తితో వచ్చే ఇలాంటి అతిథులు ముఖ్యమైన ఆదాయం. బడి ఉన్న చోట పిల్లలకు కార్లు చూపించి, క్రాంక్ తిప్పడం, కార్బైడ్ దీపం వెలిగించడం వివరిస్తారు. పుస్తకంలో ఒక పేరాగా ఉన్న 1908 యాత్ర అలా యంత్రంగా, చప్పుడుగా, వాసనగా వాళ్లకు అందుతుంది.